స్టాండ్ క్లియర్

మొన్నీమధ్య మా పాత డిపోలో కొత్తగా చేరిన కంట్రోలర్లకు ఏదో తరగతి పెట్టి నన్నూ పిలిచారు. రిటైరైనవాణ్ని పిలిస్తే శాలువా కప్పి, టీ ఇచ్చి, ఫొటో దిగి పంపిస్తారనుకున్నాను. తీరా పోతే అక్కడ పెద్ద వాదన నడుస్తోంది. గుండె ఆగిన మనిషికి కరెంటు దెబ్బ కొట్టి లేపే యంత్రాలున్నాయి చూడండి, గోడకు తగిలించేవి, అవి బస్టాండ్లలో పెట్టడం దండగా అవసరమా అని. ఒక కుర్రాయన నావైపు తిరిగి, "సార్, మీ కాలంలోనే ఒకటుండేదంట కదా, మీరే దాంతో ఒక కండక్టర్ని బతికించినారంట కదా, మీరు చెప్పండి" అన్నాడు. నేను గ్లాసెడు నీళ్లు తాగి, బస్సుకు టైమైందని అబద్ధమాడి లేచి వచ్చేశాను. ముప్పై ఏళ్లు బస్సులకు టైము చెప్పినవాణ్ని, ఆ మాట మాత్రం ఎవరూ అనుమానించరు. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. చదివి మీరు నన్ను ఏమనుకున్నా సరే.

మాది అనంతపురం జిల్లాలో హైవేకు దగ్గరున్న ఒక బస్టాండు. పేరు రాయను. మడకశిరకు, సోమందేపల్లెకు, బత్తలపల్లె మీదుగా అనంతపురానికి బస్సులు అక్కణ్నుంచే పోతాయి. నేను కంట్రోలర్ని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి రావాలో, ఎప్పుడు కదలాలో చెప్పడం నా పని. చేతిలో మైకు, మెడలో ఈల, మొలకు తాళాల గుత్తి. ఆ మూడూ ఉంటే చాలు, బస్టాండులో నా మాట కాదనేవాడు లేడని నాకు గట్టి నమ్మకం.

ఆ యంత్రం పెట్టె మాకు వచ్చింది కొత్త శతాబ్దం మొదలైన నాలుగైదేళ్లకు. బెంగళూరులో పట్టుచీరల వ్యాపారం చేసే ఒకాయన తండ్రి మా బస్టాండు బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆయన గుర్తుగా ఆ కుటుంబం వాళ్లు విదేశాల నుంచి తెప్పించి మరీ ఇచ్చారు. మా డిపో మేనేజరుకు అది మింగుడుపడలేదు. "ఈ పెట్టె ఖరీదుకు నాలుగు బోర్లేయొచ్చు కదప్పా" అన్నాడు. నాలుగు బోర్లేసినా నీళ్లు పడవు, అది వేరే సంగతి. నేనూ ఆయన పక్షమే. వరసగా కరువు. తాగే నీళ్లు ట్యాంకరు వస్తేనే. ప్లాట్‌ఫారం మీద ఫ్యాన్లు సగం తిరగవు, తిరిగే సగానికి కరెంటుండదు. అలాంటిచోట గుండెకు కరెంటంట అని నేను అందరితో పాటు నవ్వాను.

నవ్వనిది ఒక్క మా కండక్టరే. ఆయనా నేనూ ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. నేను పరీక్ష రాసి కంట్రోలర్నయ్యాను. ఆయన మడకశిర బస్సు వదలలేక కండక్టరుగానే ఉండిపోయాడు. ఇద్దరం ఒకే క్యారియర్లో తినేవాళ్లం. ఆయన ఇల్లాలు చేసిన జొన్నరొట్టె, శనక్కాయల చట్నీ తినే నేను ఇంత ఒళ్లు చేశాను. "నవ్వద్దప్పా, ఆ పెద్దాయన చేయి పట్టుకోని నేను ఊరికే కూచున్యా ఆ పొద్దు. ఏమి చేయాల్నో తెలిసింటే చేసుందు కదా" అన్నాడు. నేనేదో వెటకారం చేశాను. ఏమన్నానో గుర్తు లేదు.

పెట్టె వాడడం నేర్పడానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. రబ్బరు బొమ్మను నేల మీద పడుకోబెట్టి, ఛాతీ మీద రెండు అట్టలు అంటించి, పెట్టె మూత తెరిచింది. లోపలి నుంచి ఆడగొంతు పలికింది. ఇంగ్లీషు. తొందర లేదు, కోపం లేదు, జాలి కూడా లేదు. అందరూ ఉలిక్కిపడ్డారు. నేను అప్పుడు మైకు దగ్గర ఉన్నాను. మధ్యమధ్య వచ్చి తొంగిచూసి, చివర్లో సంతకం పెట్టి పోయాను. ఒక్కొక్కరితోనూ మెరిసే బొత్తాం నొక్కించి, ఛాతీ ఎలా అదమాలో చూపించిందట ఆమె. అందరి వంతూ అయ్యాక, ఊడ్చడానికి చీపురు పట్టుకొని మూల కూర్చున్న మా స్వీపరమ్మను కూడా "నువ్వూ రామ్మా" అని పిలిచిందట. డ్రైవర్లు పగలబడి నవ్వారని తర్వాత విన్నాను.

పెట్టెను నా గది బయట గోడకు, అద్దాల తలుపున్న బీరువాలో పెట్టించాను. విలువైన వస్తువు, ఎవడైనా ఎత్తుకుపోతే నా మెడకు చుట్టుకుంటుందని తాళం వేయించాను. తాళంచెవి నా గుత్తిలోకి చేరింది.

ఇక అప్పట్నుంచి మొదలైంది. మా వైపు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పన్నెండున్నర బస్సు వెళ్లాక గంటసేపు బస్సుండదు. కాకి కూడా కూయదు. తారు రోడ్డు మీద గాలి వణుకుతూ కనబడుతుంది. ఆ నిశ్శబ్దంలో పెట్టె టిక్కుమనేది. తనను తాను పరీక్షించుకుంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పినా సరే, ఆ చప్పుడుకు వెన్నులో ఏదో పాకినట్టుండేది. లోపల పచ్చదీపం ఒకటి వెలిగి ఆరుతుండేది. కరెంటు పోయి బస్టాండంతా చచ్చినట్టున్నా దానికి మాత్రం ఆ దీపం ఆగదు.

దాని కిందున్న బెంచీ మెల్లమెల్లగా ఖాళీ అయిపోయింది. ఎవరూ కూర్చోవద్దని చెప్పలేదు. మడకశిర వైపు గొర్లకాపరి ఒకాయన తెలియక కూర్చుని, టిక్కుమనగానే లేచి నిలబడ్డాడు. "ఏమైందప్పా?" అన్నాను. "అదేమో నా ఎదలోకి సూస్తాండాది సామీ" అని, మూట తీసుకొని ఎండలోకి పోయి నిలబడ్డాడు. మా కండక్టరు మాత్రం పంతానికి అక్కడే కూర్చుని బీడీ తాగేవాడు. "సూడనీలే. నా ఎదలో ఏముండాదో నాకూ తెల్దు, అదైనా చెప్తాదేమో" అనేవాడు.

ఒకరోజు అలాంటి మధ్యాహ్నమే, గదిలో కునుకు తీస్తుంటే బయట ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. నెమ్మదిగా, ఒకే మాట మళ్లీ మళ్లీ. ఎవరో చదువుకున్నావిడ బస్సు అడుగుతోందనుకొని బయటికొచ్చాను. ప్లాట్‌ఫారం మీద నరమానవుడు లేడు. మాట బీరువాలోంచి వస్తోంది. బస్సుల అదురుకు పెట్టె మూత జారినట్టుంది. రెండుసార్లు గుత్తి జారవిడిచి, తాళం తీసి మూత నొక్కాను. మాట ఆగిపోయింది. వెనక్కి తిరిగితే స్వీపరమ్మ చీపురు పట్టుకొని నిలబడి ఉంది. "ఆయమ్మ ఎవురినో పిలుస్తాండాది సార్. తాళం ఏంటికేసినారు? అవసరానికి ఎట్ల వస్తాది పాపం?" అంది. నా భయం కనబడిందేమోనన్న ఉక్రోషంతో ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పకపోతే మీకు తర్వాతిది అర్థం కాదు. తొంభైల చివర్లో మా జిల్లాలో పార్టీల గొడవలు, బందులు, నాటు బాంబులు. బస్టాండులో ఫలానా చోట బాంబుందని ఫోనొచ్చేది. వెంటనే కంట్రోలరు ఈల ఊది, మైకులో రెండే మాటలు అనాలి: "స్టాండ్ క్లియర్." బస్టాండు ఖాళీ చేయమని అర్థం. ఆ మాట వినబడగానే డ్రైవర్లు ఉన్న బస్సు ఉన్నట్టు బయటికి తీయాలి, జనం రోడ్డు దాటి పరుగెత్తాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఉత్తుత్తిదే. ఒక్కసారి మాత్రం ప్లాస్టిక్ బక్కెట్టులో పెట్టింది నిజంగానే పేలింది. నేను పది గజాల దూరంలో ఉన్నాను. ఒక హమాలీ చేయి పోవడం నా కళ్లతో చూశాను. ఆ తర్వాత నెలల తరబడి నా చెవిలో సన్నని కూత ఒకటి, పెరుగుతూ పెరుగుతూ పోయేది. ఇంట్లో పెనం మీద నీళ్లు చిలకరించినా గుండె గుభేలుమనేది.

ఇప్పుడు ఆ రోజుకొస్తాను. మే నెల. వానలు లేవు, చేలల్లో పని లేదు. జనం మూటా ముల్లె కట్టుకొని కూలికి బెంగళూరు పోతున్న రోజులు. మధ్యాహ్నమైనా బస్టాండు కిటకిటలాడుతోంది. మడకశిర బస్సు వచ్చి ఆగింది. మా కండక్టరు టికెట్ల సంచీతో దిగాడు, నన్ను చూసి చెయ్యెత్తాడు, ఆ చెయ్యి అలాగే ఉండగానే నిలువునా కూలిపోయాడు.

నేను పరుగెత్తాను. కళ్లు తెరిచే ఉన్నాయి, అందులో మనిషి లేడు. "లేయప్పా, ఏమప్పా, లేయప్పా" అంటున్నాను. "పెట్టె, పెట్టె తీయండి సార్!" అని స్వీపరమ్మ అరిచింది. బీరువా దగ్గరికి ఉరికాను. గుత్తిలో పదకొండు తాళంచెవులు. ఒక్కటీ పట్టదు. చివరికి పట్టింది. ఖాకీ చొక్కా చించి, చెమట తుడిచి, అట్టల మీది బొమ్మలు చూసి అంటించాను. అక్కడిదాకా నేను చేసింది నిజం.

ఆడగొంతు మాట్లాడింది. రోగిని ముట్టుకోవద్దంది. ఏదో చూస్తున్నానంది. షాక్ కావాలంది. అప్పుడు పెట్టెలోంచి సన్నని కూత బయల్దేరింది. పెరుగుతూ, పెరుగుతూ, ఇంకా పైకి. ఆ కూత మీద ఆ గొంతు, ప్రశాంతంగా:

"స్టాండ్ క్లియర్."

దూరం జరగండి, మనిషిని ముట్టుకోకండి అని దానర్థం. ఇంగ్లీషు వచ్చిన చిన్నపిల్లలైనా చెబుతారు. కానీ మేం బస్టాండు మనుషులం. స్టాండంటే మాకు ఒక్కటే. నేను లేచాను. ఈల నోట్లో పెట్టుకొని ఊదాను. "స్టాండ్ క్లియర్! స్టాండ్ క్లియర్!" అని నేనే అరిచాను. డ్రైవర్లు బస్సులెక్కారు. జనం మూటలు వదిలేసి రోడ్డు మీదికి పరుగు. ఎవరూ ఎందుకని అడగలేదు, మేమే అలా నేర్పాం. నేనూ పరుగెత్తాను. రోడ్డవతల ఎరువుల కొట్టు గోడ చాటుకు పోయి, చెవులు మూసుకొని కూర్చున్నాను.

ఏదీ పేలలేదు. చేతులు తీసేసరికి అంతటా నిశ్శబ్దం. లేచి చూశాను. అంత పెద్ద బస్టాండు నిమిషంలో ఖాళీ. చెల్లాచెదురుగా చెప్పులు, మూటలు, ఒలికిపోయిన మరమరాలు. మధ్యలో మా కండక్టరు వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీ మీద రెండు తెల్ల అట్టలు. పక్కన పెట్టె. వందలమంది రోడ్డు మీద నిలబడి ఉన్నా ఒక్కరి నోటా మాట లేదు. ఆ గొంతు మాత్రం మాకందరికీ వినబడుతోంది. మెరిసే బొత్తాం నొక్కమంటోంది. ఎవరూ లేనిచోట, ఎవరికో, అదే నెమ్మదితో. కాసేపాగి మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టింది. రోగిని ముట్టుకోవద్దంటోంది. అప్పుడర్థమైంది నాకు. అర్థమైనా కాళ్లు కదల్లేదు. ఇప్పటికీ కలలో నాకు ఆ రోడ్డు దాటడం చేతకాదు.

అప్పుడు స్తంభం వెనకనుంచి స్వీపరమ్మ వచ్చింది. జనం తోసుకుపోతుంటే దాని చాటుకు ఒదిగిందంతే, ఆమె అసలు బయటికే పోలేదు. మళ్లీ కూత పుట్టింది, మళ్లీ ఆ రెండు మాటలు వినబడ్డాయి. ఆమె వంగి, చేయి కొంగుకు తుడుచుకొని, బొత్తాం నొక్కింది. మా కండక్టరు ఒళ్లు ఒక్క ఎగురు ఎగిరింది. జనంలోంచి "అయ్యో" అని ఒకేసారి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఛాతీ అదమడం మొదలుపెట్టింది. రబ్బరు బొమ్మకు చూపించినట్టే. నేను రోడ్డు దాటి వచ్చేసరికి ఆయన మూలుగుతున్నాడు.

"నువ్వు ఏంటికి పోలేదమ్మా?" అని అడిగాను, ఆస్పత్రి జీపు వెళ్లాక. "నన్ను ఎప్పుడన్నా పొమ్మని చెప్పినారా సార్? బాంబులప్పుడు కూడా ఎవురూ చెప్పల్యా. ఆ మాట మీకు, ప్యాసింజర్లకు అనుకున్యా" అంది. ఆమెకు ఆ మాటతో పనే లేదు. దీపం మెరిస్తే నొక్కాలని డాక్టరమ్మ చెప్పింది, అది గుర్తుంది, నొక్కింది.

రిపోర్టు నేను రాయాలి. "కంట్రోలరు వెంటనే యంత్రం వాడి" అని రాశాను. రాసేటప్పుడు అలా పడిందంతే, కావాలని రాయలేదు అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కావాలనే రాశాను. చూసిన డ్రైవర్లు వాళ్లూ పరుగెత్తినవాళ్లే గనక ఆ ఊసెత్తలేదు, జనం ఆ పూటే బెంగళూరు బస్సెక్కి పోయారు. మరుసటి రోజు స్వీపరమ్మను పక్కకు పిలిచి, "జరిగింది ఎవురికన్నా చెప్పినావా?" అన్నాను. "నన్ను ఎవురడుగుతారు సార్" అని ఊడ్చుకుంటూ పోయింది. నెల తిరక్కుండా నాకు శాలువా కప్పారు. పేపర్లో ఫొటో పడింది. ఆ సభకు కుర్చీలు వేసింది, తర్వాత ఆ పూలన్నీ ఊడ్చింది ఆమే.

డాక్టరమ్మ ఒక్కతే నన్ను వదల్లేదు. ఆ పెట్టె అన్నీ తనలో రాసుకుంటుందట. ఎప్పుడు కూత వేసింది, ఎప్పుడు నొక్కమంది, ఎప్పుడు నొక్కారు, అన్నీ. కాగితం నా ముందు పెట్టి, "ఒకసారి అడిగితే ఎవరూ నొక్కలేదు. మళ్లీ అడిగితే నొక్కారు. మధ్యలో రెండున్నర నిమిషాలు పోయింది. ఏం జరిగిందండీ?" అంది. జనం మీదపడ్డారని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి కాగితం మడిచి పెట్టుకుంది.

ఆ రెండున్నర నిమిషాలకు మా కండక్టరు ఏం చెల్లించుకున్నాడో నేను ఆరేళ్లు చూశాను. మనిషి బతికాడు. నడుస్తాడు, తింటాడు. మడకశిర దాకా ఒక్క స్టాపు తప్పకుండా వరసగా చెబుతాడు. కానీ కట్టుకున్న మనిషిని "అక్కా, యాడ దిగాల?" అని అడుగుతాడు. నన్ను చూస్తే ఏమీ అనడు. ఒక్కో మధ్యాహ్నం ఉన్నట్టుండి మంచం మీంచి లేచి, ఇల్లంతా కలయజూసి, "అందురూ యాడికి పోయినారు?" అంటాడు. కళ్లు తెరిచిన మొదటి క్షణంలో ఆయనకు కనబడింది ఆ ఖాళీ బస్టాండే కదా. తాను చనిపోయాననుకున్నాడేమో. ఇంకా అక్కడే ఉన్నాననుకుంటున్నాడేమో. "ఈడే ఉండాం, యాడికీ పోలేదప్పా" అనేవాణ్ని. ఆ అబద్ధం ఎన్నిసార్లు చెప్పానో.

ప్రతి ఆదివారం వాళ్లింటికి పోయేవాణ్ని. ఆయన ఇల్లాలు పీట వేసి రొట్టె పెట్టేది. "తిను అన్నా, ఆయప్ప ఈ మాత్రమన్నా ఉండాడంటే నీ చలవే" అనేది. నేను తల వంచుకొని తినేవాణ్ని. చెబుదామని నోటిదాకా వచ్చేది. రొట్టెతో పాటు మింగేసేవాణ్ని.

పెట్టె సంగతి కూడా చెప్పాలి కదా. రెండేళ్లకు బ్యాటరీ అయిపోయింది. అట్టలకూ గడువు తీరింది. కొత్తవి ఎవరు తేవాలని కాగితాలు అటూ ఇటూ తిరిగాయి. ఇచ్చినవాళ్లు పెట్టె ఇచ్చారు గానీ దాన్ని బతికించుకోవడం మా వంతని ఎవరూ అనుకోలేదు. ఒకరోజు పచ్చదీపం ఆరిపోయింది. అప్పుడు తెలిసింది, అది టిక్కుమనని మధ్యాహ్నం ఇంకా భయంగా ఉంటుందని. స్వీపరమ్మ కూడా అప్పటికి లేదు, కూలికి బెంగళూరు పోయింది. ఆమెకు ఒక్క మాట చెప్పలేదు నేను.

అందుకని ఆ కుర్రాయన అడిగినదానికి జవాబు ఇదీ. పెట్టండి. బోర్లు వేయాలా పెట్టె పెట్టాలా అంటే రెండూ కావాలి నాయనా, తగాదా దేనికి? కానీ తాళం వేయకండి. ఏటేటా నేర్పించండి, సంతకాలు పెట్టి పోయే నాలాంటివాళ్లకు కాదు, అక్కడ పొద్దంతా ఉండేవాళ్లకు. దాని చేత తెలుగులో మాట్లాడించండి, మడకశిరలో అయితే కన్నడంలో. అది ఏ మాట అంటుందో, ఆ మాటకు మీ చోట ఏ అర్థముందో ముందే కనుక్కోండి.

మా కండక్టరు నిద్రలోనే పోయాడు. పదకొండో రోజు కర్మ అయ్యాక, చుట్టాలందరూ వెళ్లాక, వసారాలో ఆయన ఇల్లాలి ఎదురుగా కూర్చున్నాను. ఇక లాభం లేదని అంతా చెప్పేశాను. ఆ మాట తప్పుగా విన్నాననే కాదు, అర్థమయ్యాక కూడా రాలేకపోయానని, భయపడ్డానని, గోడ చాటున కూర్చున్నానని, బొత్తాం నొక్కింది నేను కాదని. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె గిన్నెలు సర్దుతూనే ఉంది.

"తెలుసన్నా" అంది. "ఆ పొద్దే ఆస్పత్రికాడికి వచ్చి చెప్పింది ఆ ఊడ్చే ఆయమ్మ. నిన్ను ఒక్క మాట అన్ల్యా. సార్ బెదిరిపోయినాడు పాపం, ఎవురికీ చెప్పద్దు అన్న్యాది."

"తెలిసీ నాకు ఇన్నేండ్లు అన్నం పెట్టినావా తల్లీ?" అన్నాను.

"ఈ ఆదివారం చెప్తావేమో, ఈ ఆదివారం చెప్తావేమో అని పెట్టినా" అంది.

లోపలికి వెళ్లింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది. చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు ఆమె నాకు పీట వేయలేదు.